శత్రువు బెండుకు కట్టిన ముడి

బుధవారపు ప్రార్థనకూటంలో లొవీనా స్ప్రేగ్ ఎప్పుడూ ఉత్తరపు కిటికీ పక్కన, కట్టెల పొయ్యికి దూరంగా కూర్చునేది. మా చర్చిలో ఒక ఆచారం ఉంది. కూటం ముగిసే ముందు ఒక్కొక్కరూ లేచి, తాము సువార్త చెప్పదలచిన ఒక మనిషి పేరు పైకి పలకాలి. పోయిన వారం పలికిన మనిషికి చెప్పిందీ లేనిదీ కూడా ఒప్పుకోవాలి. ఎరచేపలు అమ్మే ముసలి మర్టన్ ఏళ్ళ తరబడి తన బావమరిది పేరే పలుకుతూ, "ఇంకా చెప్పలేదు. ముందు నా రంపం తిరిగివ్వనీండి, ఆ తర్వాత పరలోకం సంగతి" అనేవాడు. నవ్వులు సద్దుమణిగాక లొవీనా వంతు వచ్చేది. ఆమె తల అడ్డంగా ఊపేది. పాస్టరు తరువాతి వారి వైపు చూసేవాడు.

ఆమెది సిగ్గు అని మేమందరం అనుకున్నాం. అది సిగ్గు కాదు, పగ. ఆ పగ స్వరూపం ఆమె నోటనే తరువాత విన్నాను గనుక, కథ సులువుగా సాగేందుకు దాన్ని ముందుగానే చెబుతున్నాను.

అమెరికాలోని మెయిన్ తీరంలో లాబ్‌స్టర్లు, అంటే పెద్ద సముద్రపు రొయ్యలు, పట్టి బతికే రేవు మాది. అఖాతానికి అవతల మరొక రేవు ఉంది. రెంటి నడుమ నీటి మీద ఒక సరిహద్దు. ఏ పటంలోనూ లేదు, కాని పాలు మరచిన పిల్లవాడికి కూడా తెలుసు. నీటి మీద తేలుతూ గంట మోగే బోయా నుంచి చీలిన రాయి వరకు గీత. ఇటు మాది, అటు వాళ్ళది. అడుగున లాబ్‌స్టర్ల బోనులు, వాటి తాళ్ళ కొసన నీటిపై తేలే బెండ్లు, ఎవరి రంగు వాళ్ళది. ఎవరైనా గీత దాటి బోను దించితే, అతని బెండు కొనకర్రకు తాడుతో రెండు ముడులు బిగిస్తారు. 'చూశాను, తీసుకుపో' అని దానర్థం. అప్పటికీ తీయకపోతే తాడు కోస్తారు. బోను సముద్రగర్భంలో శాశ్వతంగా మిగిలిపోతుంది. ముడి వేయకుండా కోయడమన్నది మా దృష్టిలో హత్యకు తోబుట్టువు.

అవతలి రేవు వాడైన కార్వర్ థాక్స్‌టర్ సరిగ్గా ఆ పనే చేశాడు. లొవీనా భర్త ఎల్డెన్ బోనులు గాలివానకు గీత మీదికి జరిగాయి. ముడి లేదు, హెచ్చరిక లేదు. ఒక్క ఉదయంలో వరుస మొత్తం తెగిపోయింది. ఎల్డెన్ ఆ శరత్కాలమంతా అడుగున పోయిన బోనులను కొక్కెంతో వెతుకుతూ తిరిగాడు. వాయవ్యపు గాలి లేచిన ఒక రోజున వెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది. అతను ఇసుకతిన్నె మీద దొరికాడు. పడవలో ఒక తాడుకొన దొరికింది, కత్తి గాటు తళతళలాడుతూ.

బోనుల తాళ్ళు కోసింది థాక్స్‌టరే అని అందరికీ తెలుసు, సాక్ష్యం లేదు. అధికారులు అడిగితే అతను భుజాలు ఎగరేశాడు. సమాధి దగ్గర మా మగవాళ్ళు కత్తులు నూరుకుంటున్నట్టే నిలుచున్నారు. మర్టన్ ఆమె చెవి దగ్గర వంగి, "వీనా, నువ్వు ఊ అను చాలు. వాడి బెండు ఒక్కటి తేలదు" అన్నాడు.

"వద్దు," అంది లొవీనా. "వాడు నా వంతు. ఎవరూ ముట్టుకోవద్దు."

అప్పటినుంచి భర్త పడవను తానే నడిపింది. తాడుకొనను చుక్కాని ఎదురుగా మేకుకు వేలాడదీసింది. ఏటా శరత్కాలంలో, ఎల్డెన్ పోయిన వారంలో, థాక్స్‌టర్ బెండ్ల మధ్యకు పడవ తోలుకుపోయి కనబడిన ప్రతి బెండుకూ రెండు ముడులు వేసి వచ్చేది. కోసేది కాదు. ముడి తరువాత కోత తప్పదని ఎరిగిన వాడికి కోత రాకపోవడమే శిక్ష. థాక్స్‌టర్ చలికాలం వరకు ప్రతిరోజూ తన బోనులు లెక్కచూసుకుంటూ తిరిగేవాడు; ముఖం పీక్కుపోయేది. దూరం నుంచి ఆ తిరుగుడు చూసి మా రేవు తృప్తిగా కాఫీ తాగేది. నేనూ తాగాను.

ఇది మాకు కనబడిన పగ. కనబడనిది ఇంకా లోతైనది. లొవీనా లేఖనాన్ని ఊరికే చదివిన మనిషి కాదు. చివరిదాకా నమ్మిన మనిషి. పశ్చాత్తాపం లేకుండా చచ్చినవాడు ఎక్కడికి వెళతాడో ఆమెకు సందేహం లేదు. థాక్స్‌టర్ అక్కడికే వెళ్ళాలి. తన చేయి అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. అతని చెవిన వాక్యం పడకుండా ఉంటే చాలు. అయితే ఆ వాక్యం అందరి కోసమూ అని కూడా ఆమెకు తెలుసు. ఒకరికి చెప్పిన నోటితో మరొకరికి చెప్పనని అనడానికి వీలు లేదు. పక్కింటి వాడితో మొదలైన మాట గీత దాటి అవతలి రేవుకు పోక తప్పదు. కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక్కడికి తలుపు మూయడానికి లోకమంతటికీ మూసేసింది.

అంతటితో ఆగలేదు. అతని కోసం ప్రార్థన చేసేది. అతనికి ఆరోగ్యం ఇమ్మనీ, బోనుల నిండా లాబ్‌స్టర్లు ఇమ్మనీ, ముసలితనంలో నిద్రలోనే నొప్పి తెలియకుండా పోవాలనీ! జబ్బు చేసినా, ఆపద వచ్చినా మనిషి మోకరిస్తాడు, అతను మోకరించకూడదు. శత్రువు క్షేమం కోరి ఇంత క్రూరమైన ప్రార్థన ఆకాశానికి ఎక్కడం నేనెరిగినంతలో అదొక్కటే.

ఇలా కొన్నేళ్ళు గడిచాక, ఒక వేసవిలో పాస్టర్ నోయిస్ రేవుకు దిగి, ఎర పీపాల మధ్య ఆమెను పట్టుకున్నాడు. మెత్తని మనిషి, కాని వదిలే మనిషి కాదు.

"మిసెస్ స్ప్రేగ్, ఒక్క పేరు చెప్పండమ్మా. చిన్నపిల్ల పేరైనా సరే."

"చేపల కంపు కొడుతున్నాను పాస్టరు గారూ, దూరంగా ఉండండి."

"ఎప్పుడూ ఇదే. మీకు మాటలు రావని కాదు. మొన్న డీజిలు వాడిని ఎలా కడిగేశారో రేవంతా విన్నది."

"తిట్టడం వేరు, రక్షించడం వేరు. తిట్టమంటే రేపు ఉదయమే మొదలెడతాను. ఎవరిని తిట్టాలో చెప్పండి."

పాస్టరు నవ్వలేదు. "మీరు ఎవరి పేరు చెప్పకుండా ఉండడానికి ఇందరి పేర్లు మింగుతున్నారో నాకు తెలియదనుకోకండి," అన్నాడు.

లొవీనా పీపా మూత దభీమని వేసింది. "తెలిస్తే ఇంకేం. మీరే పోయి చెప్పండి వాడికి. పడవ కావాలంటే మాత్రం నాది ఇవ్వను."

ఆగస్టు నెల పొగమంచు మా తీరంలో గోడలా దిగుతుంది; ముందున్నవాడి వీపు కనబడదు. ఆ రోజు మధ్యాహ్నం అటువంటిదే దిగింది. మా వంటింట్లో, రేవులోని ప్రతి వంటింట్లో ఉన్నట్టే, పడవల రేడియో గుసగుసలాడుతూ ఉంది. మా ఆవిడ రూత్ బీన్స్ వలుస్తోంది. ఉన్నట్టుండి థాక్స్‌టర్ గొంతు వచ్చింది.

"ఇంజను ఆగిపోయింది. లంగరు పట్టు దొరకడం లేదు. కాకిరాళ్ళ వైపు కొట్టుకుపోతున్నా. దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?"

కాకిరాళ్ళంటే పోటునీటిలో మునిగి, పాటునీటిలో పళ్ళు బయటపెట్టే రాతిగట్టు. అప్పుడు నీరు తీస్తోంది. తీరరక్షక దళం వారి పడవ చాలా దూరంలో ఉంది. రాళ్ళకు దగ్గర్లో ఉన్నది ఒక్క పడవే అని రెండు రేవులకూ తెలుసు.

రూత్ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

మర్టన్ గొంతు పలికింది. "వీనా, విన్నావా?"

మళ్ళీ అతనే పిలిచాడు.

"వీనా. సముద్రం మీద సముద్రపు న్యాయమే. ఎవడైనా సరే."

"నాకు నేర్పకు మర్టన్," అంది లొవీనా. "థాక్స్‌టర్, మోకు సిద్ధం చేసుకో. వస్తున్నా."

మా రేవు ఆమె దయను మెచ్చుకుంది. తరువాత ఆమె నాతో చెప్పిన నిజం ఇది: రాళ్ళ మీదికి ఒంటరిగా కొట్టుకుపోతున్నవాడు దేవుణ్ణి పిలుస్తాడు. పిలవకముందే చేరాలని ఆమె ఇంజను పగిలేలా తోలింది.

చేరింది. మోకు విసిరింది, అతను కట్టుకున్నాడు. పొగమంచులో ముందు ఆమె పడవ, పొడుగాటి మోకు చివర అతని పడవ, ఒకరికొకరు కనబడరు. మోకు బిగువు చూసుకుంటూ మెల్లగా లాగాలి గనుక, అవసరమైన మాటలన్నీ రేడియోలోనే. ఆ మాటలన్నీ రెండు రేవుల వంటిళ్ళలోకీ.

"కుడికి పోతున్నావు, చుక్కాని నిటారుగా పట్టు," అంది లొవీనా.

"పట్టాను." కాసేపాగి, "వీనా, ఒకటి అడగనా?"

"మోకు చూసుకో. అడగడాలు వద్దు."

"నన్నెందుకు వదిలేశావు?"

"వదల్లేదే. లాక్కుపోతున్నాగా."

"బోనుల సంగతి అడుగుతున్నా. ఏటేటా వచ్చి ముడులు కడతావు. ఇంక కోత అని నాకు కునుకు ఉండదు. కోత రాదు. మొదట్లో నన్ను ఆడిస్తున్నావనే అనుకున్నా. తర్వాత్తర్వాత వేరేగా తోచింది. నేను చేసింది నీకు తెలుసు, నీ చేతిలో కత్తి ఉంది, అయినా ఏటేటా వచ్చి 'కొయ్యనురా' అని చెప్పి పోతున్నావు. మీ చర్చిలో క్షమాపణ అంటారే, అది ఇలాగే ఉంటుందేమో అనుకున్నా. రెండేళ్ళ నుంచీ ఆ ముడులు విప్పడం మానేశా. అలాగే ఉంచుకున్నా, నీ మాటగా."

రూత్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "దేవుడా! పగ అనుకుని కట్టింది వాడికి సువార్త అయిపోయింది!"

రేడియోలో ఇంజను చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు వెనుక లొవీనా ముఖం ఎలా ఉన్నదో ఊహించడానికే నాకు భయం వేసింది. ఇన్నేళ్ళు కాపలా కాసిన తలుపును తన చేతులే లోపలినుంచి తెరిచాయి. అది ఆమెకు ఆ క్షణంలో తెలిసింది.

ఆమె గొంతు మళ్ళీ వచ్చినప్పుడు చలినీటిలో ముంచి తీసినట్టుంది.

"ముందు నువ్వు చెప్పు. ఎల్డెన్ బోనులు ఎవరు కోశారు? ఇక్కడే చెప్పు, ఈ రేడియోలోనే. మా వాళ్ళూ మీ వాళ్ళూ అందరూ వింటున్నారు."

"వీనా..."

"నా చేతిలో కత్తి ఉంది థాక్స్‌టర్. ఇంకో చేతి కింద నీ మోకు ఉంది. కాకిరాళ్ళు ఇంకా దాటలేదు."

"కోతకు భయపడి చెప్పడం లేదు," అన్నాడు థాక్స్‌టర్. "అదయితే ఎన్నేళ్ళుగానో భయపడ్డా. చెబుతున్నా వినండి. ఎల్డెన్ స్ప్రేగ్ బోనులు నేనే కోశా. ముడి వెయ్యలేదు. గాలికి జరిగి వచ్చాయని తెలుసు. తెలిసే కోశా. ఆ తర్వాత అతను కొక్కెం పట్టుకుని వెతుకుతుంటే దూరం నుంచి చూసి నవ్వా. గాలి లేచిన రోజు కూడా చూశా. వెనక్కి పొమ్మని అరిచి ఉండొచ్చు. అరవలేదు."

మా రేవు ఆ మాట కోసం ఎంతగా ఎదురుచూసిందో చెప్పలేను. ఇప్పుడది ప్రతి ఇంటి గోడలోంచీ వినవచ్చింది. అయినా ఎవరూ కేక వేయలేదు. మర్టన్ ఒక్కడు రేడియో నొక్కి వదిలేశాడు. ఆ క్లిక్కు నాకు వినబడింది.

"విన్నా," అంది లొవీనా. "ఇది వింటే చల్లబడతాననుకున్నా. మండుతోంది ఇంకా." తరువాత, పళ్ళ సందున: "ఇప్పుడు నాది విను. నా ముడులను నువ్వు తప్పుగా చదివావు. అది క్షమ కాదు. నువ్వు కుమిలిపోవాలని కట్టా. కోసేస్తే ఒక్కరోజులో తీరిపోతుందని కొయ్యలేదు. అంతే కాదు. చర్చిలో ఎవరికీ నోరు విప్పి దేవుడి మాట చెప్పలేదు నేను. చెబితే నీకూ చెప్పాల్సి వస్తుందని. నువ్వు వినకుండా చావాలని. నరకానికే పోవాలని. నీ ఆరోగ్యం కోసం ప్రార్థన కూడా చేశానురా, నువ్వు దేవుణ్ణి తలుచుకునే అవసరం రాకూడదని!"

అతని పడవ గంట ఒకటి అలకు దానంతటదే మోగింది.

"అయితే," అన్నాడు చివరకు, "ఆ ముడులకు అర్థమేం లేదన్నమాట."

ఆమె శత్రువు సంపూర్ణంగా ఆమె చేతికి చిక్కిన ఘడియ అది. లేదు అన్న ఒక్క మాట చాలు. మోకు కోయక్కర్లేదు. అతను పట్టుకుని వేలాడుతున్న ఆ పలుచని దారం తెగిపోతుంది, అతను ఆ చీకటిలోకి తనంతట తానే దిగిపోతాడు. ఎల్డెన్‌కు దక్కని న్యాయం అప్పుడు దక్కుతుంది. ఆ మాట తన నాలుక మీద తియ్యగా, బెల్లంపాకంలా ఉన్నదని ఆమె నాతో అన్నది. మా వంటింట్లో నేను ఆ మాట కోసమే చెవి ఒగ్గి ఉన్నాను. నా లోపల ఏదో 'అను, అనెయ్' అంటున్నది.

"ఉంది," అంది లొవీనా.

ఆ మాట ఆమె గొంతులోంచి ముల్లు ఊడివచ్చినట్టు వచ్చింది.

"ఉంది. నేను పెట్టింది కాదు. నేను విషం పోస్తుంటే, దాన్ని నీ గిన్నెలో మంచినీళ్ళు చేసినవాడు వేరే ఉన్నాడు. ఆయన మీద నాకిప్పుడు చాలా కోపంగా ఉంది. సరే, విను. ఒకసారే చెబుతా. నా దగ్గర ఉన్నది చేపలు కోసే కత్తి. నిజమైన కత్తి ఆయన దగ్గరుంది. నిన్ను కొయ్యడానికి దానికి హక్కుంది, ఎల్డెన్ కోసం. నన్ను కొయ్యడానికీ ఉంది. ఇన్నేళ్ళ నా ప్రార్థనల కోసం. ఆయన దాన్ని తన సొంత కొడుకు మీద పడనిచ్చాడు, మన ఇద్దరి బదులు. ఆ కొడుకు చచ్చి లేచాడు. అది నమ్మి, నీ తప్పు ఒప్పుకుని అడిగితే నీకు దొరుకుతుంది. నాకు దొరికినంతే దొరుకుతుంది, ఇంచు తక్కువ కాదు. అదీ నా కడుపుమంట. నువ్వు వచ్చి పరలోకంలో నా పక్కన కూర్చుంటావేమోనని ఇన్నేళ్ళు నోరు కుట్టుకున్నా. కూర్చో. ఎల్డెన్ పక్కన మాత్రం నేనే కూర్చుంటా."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"అడుగు ఆయన్ని."

"రేడియోలోనా?"

"పాపం ఒప్పుకున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

మర్టన్ గొంతు సవరించుకున్నాడు. "మేం వేరే ఛానలుకు పోతాంలే, థాక్స్‌టర్."

ఎవరూ పోలేదని అందరికీ తెలుసు. అయితే థాక్స్‌టరే తన మైకు కింద పెట్టేసినట్టున్నాడు. అతను ఏమి అడిగాడో, ఎవరిని అడిగాడో, అసలు అడిగాడో లేదో మాకు వినబడలేదు. అవతలి రేవు చేరేదాకా ఇంజను చప్పుడే.

రేవులో ఆమె మోకు విప్పుకుంది. చేయి కలపలేదు. అతను టోపీ తీసి నిలబడితే, చుక్కాని ఎదుటి మేకు నుంచి ఆ పాత తాడుకొనను తీసి అతని పడవలోకి విసిరింది.

"ఇది నీది. నా దగ్గర ఉంటే నాకు మంచిది కాదు. నీ దగ్గర ఉంటే నీకు మంచిది," అని పడవ వెనక్కి తిప్పింది.

ఆ బుధవారం చర్చి కిక్కిరిసింది. బుధవారాల మొహం చూడనివాళ్ళు కూడా వచ్చారు. పేర్లు పలికే వేళ వచ్చింది. మర్టన్ లేచి, "బావమరిదికి చెప్పేశాను. రంపం ఇవ్వలేదు," అని గబుక్కున కూర్చున్నాడు. లొవీనా కిటికీ పక్క నుంచి లేచింది.

"కార్వర్ థాక్స్‌టర్," అంది.

పాస్టర్ నోయిస్ ముఖంలో ఏ విజయమూ లేదు. "అతనితో మాట్లాడారా?" అని ఆచారం ప్రకారం అడిగాడు.

"మీ ఇంట్లో రేడియో లేదా పాస్టరు గారూ?"

నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు, నవ్వులు అణిగేదాకా నిలబడే ఉంది.

"వాడి కోసం ప్రార్థన చెయ్యొద్దు," అంది. "వాడు విన్నాడు. ఇంక వాడూ దేవుడూ తేల్చుకుంటారు. నా కోసం చెయ్యండి. ఆకులు రంగు తిరగబోతున్నాయి. ఎల్డెన్ వారం వస్తోంది. ముడి కట్టకుండా నా చేతులు ఊరుకోవు."

కూర్చుని, ఆ రెండు చేతులనూ తొడల కింద పెట్టి, వాటి మీద తన బరువంతా మోపింది.